రెండు వందల పది అంగలు

మాస్టారికి మతి తప్పిందని ఎదురింటి దర్జీ భార్య పాలావిడతో అన్నదట. పాలావిడ ఆ మాటని పాలతో పాటు మోసుకొచ్చి, చుక్క నీళ్లు కలపకుండా మాస్టారి భార్య గిన్నెలో పోసింది. మొన్న పొద్దున ఎవరో పొడుగాటి ఆడమనిషి నల్ల సంచీ భుజాన వేసుకుని వచ్చిందట. గంటన్నర కూచుందట. లోపల్నించి కేక లేదు, ఏడుపు లేదు, కనీసం కప్పూ సాసరూ చప్పుడైనా లేదట. ఆవిడ వెళ్లిన దగ్గర్నుంచీ మాస్టారు చేత్తో తాడు పట్టుకుని, పెదాలు కదుపుకుంటూ వీధి ఈ చివర్నించి ఆ చివరికి తిరుగుతున్నారట. "డెబ్బై మూడేళ్ల మనిషి వీధి కొలుస్తున్నాడంటే, ఇల్లైనా అమ్మకానికి పెట్టుండాలి, బుర్రైనా అమ్మేసుండాలి" అని తీర్పు కూడా చెప్పేసిందట.

మాస్టారి భార్య పాలగిన్నె మీద మూత పెట్టింది. "వీధి కొలుస్తున్న మాట నిజమే. మతి మాత్రం నిక్షేపంగా ఉంది. అదే వచ్చిన చిక్కు" అంది.

మాస్టారు గోడ అవతల నుంచి రెండు మాటలూ విన్నారు. తాడు చుట్ట చుట్టి, మళ్లీ విప్పి, మళ్లీ నేలమీద పరిచారు.

ఆయన ముప్పై ఏళ్లు బళ్లో భూగోళం చెప్పారు. బడి ఉన్నన్నాళ్లు నల్లబల్ల మీద నదులు గీసేవారు, సెలవులొస్తే కాలికి బలపం కట్టుకుని ఆ నదుల వెంట తిరిగేవారు. అందరూ వెళ్లే చోట్లకి కాదు. పెద్ద కొండల వెనక ఒక ప్రాంతం ఉంది. రైలు దాన్ని చుట్టి వెళ్తుంది, లోపలికి పోదు. రైల్లో వాళ్లకి అది కిటికీలో పావుగంట సేపు కనబడే నల్లటి గీత, అంతే. ఆ గీత వెనక ఏడు పాత పట్టణాలున్నాయి. ఏడింటికీ కోటగోడలు, ఏడింటికీ ఎవరి పొగరు వాళ్లకి. ఒక ఊళ్లో నేల ఎంత ఏటవాలంటే, కింది వీధిలో వాకిలి ఉన్న ఇంటికి పై వీధిలో అటక తలుపు వాకిలవుతుంది. ఇంకో ఊళ్లో తొమ్మిది కమానుల వంతెన ఉంది. నది ఎప్పుడో పక్కకి జరిగిపోయి రెండు కమానుల కింద నుంచి మాత్రమే పోతుంది. మిగతా ఏడింటి కింద జనం కట్టెలు పేర్చుకున్నారు. ఊళ్ల మధ్యన సున్నపురాతి పీఠభూమి. ఎంత వాన పడినా పైన నిలవదు, రాతి పగుళ్లలోంచి లోపలికి దిగిపోయి, పది మైళ్ల అవతల లోయలో ఊటై పైకొస్తుంది.

ఎవరికీ పట్టని ఆ ప్రాంతానికి మాస్టారు పుస్తకం రాశారు. "కొండల వెనక ఊళ్లు" అని పేరు. ఎక్కడా మైలురాళ్లు లేవు, దారి చూపే పలకలు లేవు. అందుకని ప్రతి దారినీ అంగల్లో కొలిచి రాశారు. ముందుమాటలోనే చెప్పారు: నా అంగ రెండున్నర అడుగులు, మామూలు మనిషి అంగ కూడా అంతే, కాబట్టి మీ కాళ్లే మీకు కొలబద్ద. చొక్కా కుడిజేబు నిండా పాత గుండీలు పోసుకునేవారు. వంద అంగలకి ఒక గుండీ ఎడమజేబులోకి మారేది. రాత్రికి ఎడమజేబు బరువే ఆ రోజు నడక. నడవని దారి ఒక్కటి కూడా పుస్తకంలోకి రానివ్వలేదు. అంగల మాస్టారన్న పేరు అలా వచ్చింది. ఆ పేరంటే ఆయనకి కొండంత గర్వం.

వచ్చిన ఆడమనిషి మందులు కలిపి అమ్మే మనిషి. మరో ఊళ్లో ఆవిడకి సొంత మందుల కొట్టుంది. యాభైకి దగ్గర పడిన వయసు. కుర్చీలో కూచోగానే సంచీలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. నాలుగో ముద్రణ, మూడేళ్ల కిందటిది. అట్ట తడిసి, ఆరి, వంకర తిరిగింది.

"ఇది మా తమ్ముడిది" అంది. "గడియారాలు బాగుచేసేవాడు. పెళ్లి చేసుకోలేదు. సెలవు దొరికితే చాలు, మీ పుస్తకం పట్టుకుని పోయేవాడు. మీ ఏడు ఊళ్లలో ఐదు పాత ముద్రణతో చూశాడు. ఆరోది ఉప్పు పట్టణం, పాత ప్రతి చిరిగి ఈ కొత్తది కొన్నాక మొదటిది."

మాస్టారు వంకర తిరిగిన అట్టని అరచేత్తో సాపు చేశారు.

"మొన్న చలికాలంలో అక్కడ లోయలో పడి పోయాడు. పొగమంచట. 'అజాగ్రత్తగా దారి తప్పి' అని అధికారులు కాగితం రాసిచ్చారు. మా అమ్మకి ఆ మాట కొరుకుడు పడట్లేదు. సెకను ముల్లు కోసం వారం రోజులు కూచునేవాడు అజాగ్రత్తగా ఎలా పోతాడే అని రోజూ అడుగుతుంది. నేనేం చెప్పను?"

ఆవిడ నలభై రెండో పేజీ తీసింది. మాస్టారు తన వాక్యాలు తానే చదువుకున్నారు.

"ఉప్పు పట్టణం దిగువ దర్వాజా దాటి, విరిగిన తోరణం దగ్గర ఆగండి. ఇక్కణ్ణించి నది కనబడదు, వినబడుతుంది. ఎడమ పక్క బండగోడని చేత్తో తాకుతూ రెండు వందల పది అంగలు నడవండి. గోడలో సందు వస్తుంది. ఉప్పు మోసిన కాళ్లు అరగదీసిన మెట్లు దిగితే పడవ రేవు. గోడకి ఇంకా సందులున్నాయి, వాటిని నమ్మకండి, లెక్కని నమ్మండి. మంచులోనైనా లెక్క తప్పనివాడికి దారి తప్పదు."

అంచున పెన్సిల్ గీతలున్నాయి. పది అంగలకి ఒక గీత కాబోలు. సన్నగా, నిటారుగా, గడియారం ముఖం మీద నిమిషాల గీతల్లా ఉన్నాయి. మాస్టారు వేలుపెట్టి లెక్కపెట్టారు. ఇరవై ఒకటి.

"లెక్క తప్పలేదు మాస్టారూ" అంది మందులావిడ. "మరి ఎక్కడ తప్పాడు? ఆ దారి రాసింది మీరు. మీరే చెప్పాలి."

వచ్చే వారం అక్కడికే వెళ్దాం, చూసి చెప్తాను అన్నారు. ఆవిడ తలూపి లేచి వెళ్లిపోయింది. మంచినీళ్లు కూడా ముట్టలేదు.

ఆవిడ వెళ్లాక మాస్టారు అటక మీంచి మొదటి ముద్రణ దింపించారు. ముప్పై రెండేళ్ల నాటిది. అదే దారి, అవే మాటలు. లెక్క మాత్రం నూట యాభై.

అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ల కిందట, తుంటి ఎముక ఆపరేషన్ అయి లేచాక, నాలుగో ముద్రణ కోసం ఏడు ఊళ్లూ మళ్లీ నడిచారు. ప్రతి దారిలోనూ లెక్క పెరిగింది. ఒకచోట పెరిగితే అనుమానం వచ్చేదేమో, అన్నిచోట్లా పెరగడంతో నమ్మకం కలిగింది. కుర్రతనంలో దూకుడుగా లెక్కపెట్టి తక్కువ రాశాననుకున్నారు. పైగా ముందుమాటలో గొప్పగా రాసుకున్నారు కూడా: "ఈసారి నిదానంగా నడిచి ప్రతి అంకెనీ సరిదిద్దాను."

అందుకే తాడు. పాతికడుగుల తాడు కోసి వీధిలో పరిచారు. రెండున్నర అడుగుల అంగకి అది పది అంగలు. ఆయన నడిస్తే పద్నాలుగు పడింది. చెప్పులు మార్చారు, పద్నాలుగు. పొద్దున ఒళ్లు తేలిగ్గా ఉన్నప్పుడు నడిచారు, పద్నాలుగు. పళ్ల బిగువున కాలు సాచి పదితో ముగించబోతే తుంటిలో కలుక్కుమని గోడ పట్టుకోవలసి వచ్చింది. దర్జీ భార్య ఆ గోడ పట్టుకోవడం కూడా చూసింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర భార్యని అడిగారు. "నా అంగ చిన్నదైందని నీకు తెలుసా?"

"తెలియకేం. పెళ్లయిన కొత్తలో మీతో సంతకి వెళ్లాలంటే చెంగు బిగించి పరిగెత్తేదాన్ని. ఇప్పుడు మీకోసం మూలమూలనా ఆగి, కొనని కూరగాయలన్నీ బేరమాడుతున్నాను."

"మరి చెప్పలేదేం?"

ఆవిడ ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. "ఆపరేషన్ అయ్యాక మీరు మళ్లీ లేచి నడిస్తే అదే పదివేలనుకున్నాను. ఎంతెంత దూరం అడుగేస్తున్నారో కొలవడానికి నాకు మనసెలా ఒప్పుతుందండీ?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నారు గానీ నమలడం మరిచిపోయారు.

సాయంత్రం బావమరిది వచ్చాడు. మాస్టారి భార్యకి తమ్ముడు, ఊళ్లో చిన్న ప్రెస్సు నడుపుతాడు. పుస్తకం నాలుగుసార్లూ అచ్చేసింది అతనే. అక్క చెప్పినదంతా విన్నాడు. తాడు చూశాడు, రెండు ముద్రణలూ చూశాడు. బుర్ర గోక్కున్నాడు.

"బావా, దీనికింత కుమిలిపోవడం ఎందుకు? అచ్చుతప్పు అందాం. నువ్వు నూట యాభై అనే రాశావు. మా కుర్రాళ్లు రెండు వందల పది అని కూర్చారు. నింద నా ప్రెస్సు మీద వేసుకుంటా. ప్రెస్సుకి తిట్లు కొత్తా? ఒకసారి శుభలేఖలో పెళ్లికొడుకు పేరుకి బదులు వాళ్ల మేనమామ పేరు వేశాను. అయినా పెళ్లీ ఆగలేదు, కాపురమూ ఆగలేదు."

"ఆ కుర్రాడు పోయాడురా."

"పోయినవాణ్ణి తేలేం. నీ పేరైనా దక్కుతుంది కదా. ముప్పై రెండేళ్ల కష్టం బావా. ఆ ఏడు ఊళ్లనీ మనుషులు చూసేలా చేసినవాడివి. ఒక్క పేజీకి చిన్న చీటీ అచ్చేసి అతికిస్తే తీరిపోయే దానికి..."

మాస్టారు ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. వద్దు అన్నమాట నాలిక చివరిదాకా వచ్చి అక్కడే కూచుంది. ఆ మౌనాన్ని బావమరిది తనకి అనువుగా అర్థం చేసుకున్నాడు.

వారం తిరిగాక మాస్టారూ, బావమరిదీ, మందులావిడా ప్రెస్సు వ్యానులో బయల్దేరారు. ఆవిడ ముందు సీట్లో కూచుంది. కొండ మలుపులు ఎక్కి పీఠభూమి మీదికి వచ్చేసరికి ఎండ తెల్లగా పరుచుకుంది. ఎటు చూసినా బూడిదరంగు రాళ్లు, రాళ్ల పగుళ్లలో మోకాలెత్తు ముళ్లపొదలు, ఒక్క నీటిచుక్క లేదు. "ఇంత వాన ఎక్కడికి పోతుంది?" అని ఆవిడ ఒకసారి అడిగింది. "కిందికమ్మా. అంతా కిందికే" అన్నారు మాస్టారు. అన్నాక, ఆ మాట అనకుండా ఉండాల్సిందనిపించింది.

ఉప్పు పట్టణం కొండ అంచుకి పిచుకగూడులా అతుక్కుని ఉంది. పాత ఉప్పు గిడ్డంగుల గోడలు ఛాతీ ఎత్తుదాకా తెల్లగా పేలిపోయి ఉన్నాయి. ఉప్పు వ్యాపారం పోయి నూరేళ్లైనా గోడల్లోంచి ఉప్పు ఇంకా బయటికి వస్తూనే ఉంది. వీధి అరుగుల మీద బరువు దించుకోవడానికి కట్టిన నడుమెత్తు రాతిదిమ్మలున్నాయి, వాటి అంచులు నున్నగా అరిగాయి. ఒక లాడ్జి గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది: "మాస్టారి పుస్తకంలో మా ఊరు, నలభై రెండో పేజీ." మందులావిడ ఆ గోడ ముందు ఆగి చదివింది. తర్వాత మాస్టారి వైపు చూడకుండా నడిచింది.

దిగువ దర్వాజా అవతల, విరిగిన తోరణం దగ్గర పడవవాడు కూచుని ఉన్నాడు. బక్కగా, కాలిన కట్టెలా ఉన్నాడు. లోయలోంచి శవాన్ని పైకి తెచ్చింది అతనే. ఆవిణ్ణి చూడగానే ఎవరో పోల్చుకుని లేచి నిలబడ్డాడు.

"ఆయన పోలికే అమ్మగారూ మీరు. అంతే పొడుగు."

"ఆ రోజు ఏం జరిగింది? తెలిసినంత చెప్పు."

"నేను కింద రేవులో ఉన్నానండీ. మంచులో మనిషి కనబడడు గానీ పైన బూట్ల చప్పుడు వినబడుతుంది. మెట్ల సందు దగ్గరికొచ్చి ఆగాడు. అదే సరైన సందు. దిగుతాడని పడవ తాడు విప్పాను. కాసేపు ఆగి, మళ్లీ ముందుకి నడిచాడు."

"పిలవలేదా నువ్వు?"

పడవవాడు తువ్వాలు చేతుల్లో నలిపాడు. "పిలవాలని తోచలేదమ్మా. మాస్టారి పుస్తకం పట్టుకొచ్చేవాళ్లు దారి అడగరు. మేం చెప్పినా వినరు. అందులో ఉన్నదే వేదం వాళ్లకి."

బండగోడ అవతల నది హోరు వినబడుతోంది. బావమరిది గొంతు సవరించుకున్నాడు. వ్యానులో మనసులో వల్లెవేసుకుంటూ వచ్చిందంతా ఒక్క ఊపులో అప్పజెప్పాడు.

"అమ్మా, తప్పు మాది. ప్రెస్సుది. బావ నూట యాభై అని రాసిచ్చాడు. అచ్చులో రెండు వందల పది పడింది. అచ్చుతప్పు. మీ కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

మందులావిడ అతన్ని తేరిపార చూసింది. తర్వాత మాస్టారి వైపు తిరిగింది. "అంతేనా మాస్టారూ?"

మాస్టారి నోరు తెరుచుకుంది. అవును అంటే అయిపోతుంది. ఒక్క మాట. ఆవిడ తల్లికి జవాబు దొరుకుతుంది, తమ్ముడి మీద నింద తొలగుతుంది, లాడ్జి గోడ మీద అక్షరాలు అలాగే ఉంటాయి. బావమరిది కళ్లతోనే బతిమాలుతున్నాడు.

"నడుద్దామమ్మా" అన్నారు.

తోరణం కింద ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఎడమ చెయ్యి గోడకి ఆనించారు. బండ చల్లగా, గరుకుగా ఉంది. మాస్టారు కుడిజేబులో చెయ్యి పెడితే గుండీలు తగిలాయి. ఒకటి, రెండు, మూడు. పదో అంగకే ఆవిడ ఆయన్ని దాటింది. ముప్పయ్యో అంగకి ఆవిడ వీపు మాత్రం కనబడుతోంది. యాభయ్యో అంగ దగ్గర ఒక పగులు వచ్చింది, పిల్లి కూడా దూరనంత సన్నం. ఇదివరకు ఈ దారిలో నడుస్తుంటే ఆయనకి నేల తన కాళ్లకింద సొంతదానిలా ఉండేది. ఇవాళ ప్రతి అంగా వేరేవాళ్ల కాలితో వేస్తున్నట్టుంది. నూరు. గుండీ జేబు మారింది. ఆవిడ మెట్ల సందు దగ్గర ఆగడం చూశారాయన. ఆవిడ లోపలికి తొంగి చూసి, తల అడ్డంగా ఊపుకుని, లెక్క సాగిస్తూ ముందుకి కదిలింది. తమ్ముడు కూడా అలాగే కదిలి ఉంటాడు. రెండు వందలు. రెండో గుండీ. ఇంకో పది అంగలు.

చెయ్యి గోడ మీంచి జారి గాలిలో పడింది. ఎదురుగా సందు, సందులో అరిగిన మెట్లు, మెట్ల చివర నీళ్లు, నీళ్ల మీద పడవ. ఆయన కాళ్లు సరిగ్గా అక్కడే ఆగాయి.

"రెండు వందల పది" అన్న ఆవిడ గొంతు ముందునుంచి వినిపించింది.

మాస్టారు తలెత్తారు. అక్కడికి నూట యాభై అడుగుల దూరంలో, రెండో సందు ముందు ఆవిడ నిలబడి ఉంది. సందు అచ్చం మొదటిదానిలాగే ఉంది. అంతే వెడల్పు, అంతే ఎత్తు, లోపల మెట్లు కూడా. పూర్వం ఉప్పు మోసేవాళ్లు ముందు అక్కడ మెట్లు చెక్కబోయి, బండ లోపల బోలుగా ఉందని నాలుగు చెక్కి వదిలేశారు. ఐదో మెట్టు లేదు. ఇప్పుడు అక్కడ అడ్డంగా ఇనప గొలుసు కట్టారు. ఆవిడ గొలుసు మీద చెయ్యి వేసి కిందికి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తిరిగి వచ్చింది.

మాస్టారు మెట్ల సందు ముందు నుంచి కదల్లేదు. బావమరిదీ, పడవవాడూ వెనకనుంచి వచ్చి నిలబడ్డారు.

"మీకిక్కడికి ఎంతైంది?" అని అడిగింది ఆవిడ.

"నూట యాభయ్యేనమ్మా, నేను కూడా..." అన్నాడు బావమరిది.

"నిన్ను కాదు."

మాస్టారు ఎడమజేబులోంచి రెండు గుండీలు తీసి అరచేతిలో పెట్టి చూపించారు.

"రెండు వందల పది" అన్నారు. "అచ్చు సరిగ్గానే పడిందమ్మా. నేనేది రాశానో అదే వేశారు. నా కాలు పొట్టిదైంది, నేను చూసుకోలేదు. దారి పెరిగిందనుకున్నాను. తుంటి ఆపరేషన్ అయినవాడి కాలు తీసుకుని, అందరికీ ఇదే కొలత అని రాశాను. మీ తమ్ముడు ఒక్క అంగ కూడా తప్పలేదు. నేను చెప్పినచోట ఆగాడు, నేను చెప్పినట్టే సరైన సందు వదిలేశాడు. మీ అమ్మగారికి నా చేత్తో రాసిస్తాను. ఆ అధికారులకీ రాసిస్తాను."

ఆవిడ ముఖం ఒక్కసారి ముడుచుకుపోయి, మళ్లీ విచ్చుకుంది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. మెట్ల అంచున కూలబడి, తడిసి ఆరిన పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, ఇరవై ఒక్క గీతల మీద బొటనవేలు ఒక్కసారి నెమ్మదిగా రాసింది. పడవవాడు అటు తిరిగి నిలబడ్డాడు.

బావమరిది అక్కడ నిలవలేకపోయాడు. "బావా, వయసు ఎవరి చేతిలోనూ లేదు. తెలిసి చేశావా ఏమన్నా? అమ్మా, ఈ పేజీకి ఇవాళే చీటీ వేయిస్తాను. నూట యాభై అని పెద్దక్షరాల్లో. ప్రతి కొట్టుకీ నేనే తిరిగి అతికిస్తాను. ఇంక ఈ సందులో ఎవరికీ ఏమీ కాదు. నాదీ పూచీ."

మందులావిడ తలెత్తింది. అతని వైపు కాదు, మాస్టారి వైపే చూసింది.

"నేను మందులు కలిపే మనిషిని మాస్టారూ. కొలిచే గ్లాసు తేడా అయితే చెడేది ఒక్క సీసా కాదు. నా తమ్ముడి సంగతి అయిపోయింది, వదిలేయండి. మిగతా పేజీల్లో ఇలాంటి సందులు ఎన్నున్నాయి?"